బార్టేరియా: గాబన్ అడవిలో చీమలు కాపలా కాసే చెట్టు

మీ ప్రశ్న చదివాను. గాబన్‌లో ఒక కలప కంపెనీ ఇన్వెంటరీ టీమ్‌లో, అంటే అడవిలో చెట్లని కొలిచి లెక్క రాసే బృందంలో, చేరబోతున్నారు. ముందే అక్కడ పనిచేస్తున్న మిత్రుడు "చీమల చెట్టు ఒకటుంటుంది, దాని కింద నిలబడ్డావో అయిపోయావే" అని మీకు టెన్షన్ పెట్టాడు. అది ఏ చెట్టు, నిజంగా అంత ప్రమాదమా, కుడితే ఏం చెయ్యాలి, చీమల్ని చంపేస్తే చెట్టు ఏమవుతుంది, విత్తనం తెచ్చి మన ఊళ్లో నాటుకోవచ్చా అని అడిగారు. కామెరూన్, గాబన్ అడవుల్లో వృక్ష సర్వేల పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి తెలిసినంతవరకు వివరంగా రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీ మిత్రుడు చెప్పిన చెట్టు దాదాపు ఖాయంగా బార్టేరియా ఫిస్టులోసా. అక్కడి ఫ్రెంచ్‌లో కూడా దాన్ని చీమల చెట్టనే అంటారు. ప్యాసిఫ్లోరేసీ కుటుంబం, అంటే మన జుమికి తీగకీ ప్యాషన్ ఫ్రూట్‌కీ చుట్టం. తీగల కుటుంబంలో చెట్టేమిటి అనుకోవద్దు, ఆఫ్రికాలో ఈ కుటుంబానికి చెట్లూ ఉన్నాయి. నైజీరియా నుంచి కామెరూన్, గాబన్, రెండు కాంగోల దాకా తడి అడవుల్లో కనిపిస్తుంది. పెద్ద చెట్టు కాదు. ఓకుమే లాంటి కలప చెట్లు పైన గొడుగు పట్టినట్టు ఉంటే, వాటి కింద నీడలో పది పదిహేను మీటర్ల లోపే పెరిగి ఆగిపోతుంది. పెద్ద చెట్టు కూలి వెలుగు పడిన చోట, పాత రోడ్ల పక్కన కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది. మీరు తిరిగేది కూడా అలాంటి చోట్లే కాబట్టి ఎదురుపడటం మాత్రం ఖాయం.

పేరు వెనక ఒక విషాదం ఉంది. 1857లో బైకీ నాయకత్వంలో నైజర్ నది మీదుగా వెళ్లిన బ్రిటిష్ బృందంలో చార్లెస్ బార్టర్ అనే వృక్ష సేకర్త ఉన్నాడు. 1859లో అక్కడే జబ్బు చేసి చనిపోయాడు. ఆయన పంపిన మొక్కల్ని లండన్‌లో పరిశీలించిన జోసెఫ్ హుకర్ ఈ ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకి, ఆయన పేరే పెట్టాడు. మన చెట్టుని 1871లో మాస్టర్స్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు.

ఇప్పుడు గుర్తుపట్టటం. మీ పనికి ఇదే ముఖ్యం, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. కాండం నిటారుగా పోతుంది, దాని నుంచి కొమ్మలు నేలకి సమాంతరంగా పక్కలకి చాచుకుని ఉంటాయి. ఒక్కో కొమ్మకీ రెండు పక్కలా జానెడు నుంచి మూరెడు దాకా పొడవుండే పెద్ద ఆకులు వరసగా ఉంటాయి. పువ్వులు తెల్లగా, ఆకు మొదట్లో కొమ్మని అంటుకుని పూస్తాయి. ఇంతవరకు చూసి నిర్ణయానికి రావద్దు, ఆ అడవిలో ఇలాంటి రూపం వేరే చెట్లకీ ఉంటుంది. అసలు గుర్తు కొమ్మల్లో ఉంది. పక్క కొమ్మలు వాటి వయసుకి మించి లావుగా, ఉబ్బినట్టు కనిపిస్తాయి, లోపల బోలు. ఆ బోలు కొమ్మ మీద అక్కడక్కడా చిన్న గుండ్రటి కన్నాలుంటాయి. కాండం మాత్రం మామూలుగానే ఉంటుంది.

ఇంతకంటే దూరం నుంచే కనిపించే గుర్తు ఇంకొకటుంది. చెట్టు మొదట్లో నేల చూడండి. చుట్టూ మొక్కలూ తీగలూ ఒకదాని మీద ఒకటి పెరిగి ఉంటే, ఈ కాండం చుట్టూ మాత్రం ఎవరో కలుపు తీసినట్టు ఉంటుంది. కాండం మీద పాకే తీగ ఒక్కటి కూడా కనపడదు. తీగలు లేని చెట్టు ఆ అడవిలో ఎంత అరుదో మొదటి వారంలోనే మీకు అర్థమవుతుంది. శుభ్రమైన నేల, తీగ లేని కాండం, పక్కలకి చాచిన ఉబ్బిన కొమ్మలు, ఈ మూడూ ఒక్కచోట కనిపిస్తే ఆగిపోండి. చీమని చూడాల్సిన అవసరం కూడా లేదు.

రోడ్ల పక్కన గొడుగు ఆకులతో తెగ పెరిగే చెట్టు ఒకటుంటుంది, ముసాంగా అంటారు, ఫ్రెంచ్‌లో పారసోలియే. కొత్తవాళ్లు దాన్ని చూసి భయపడుతుంటారు. అది వేరు, దానికీ ఈ చీమలకీ సంబంధం లేదు.

చీమ పేరు టెట్రాపోనెరా ఏతియోప్స్. నిగనిగలాడే నలుపు, సన్నగా పొడుగ్గా ఉంటుంది, సెంటీమీటరుకి దగ్గర్లో. పాత పరిశోధనా పత్రాల్లో పాకిసిమా అనే పేరుతో కనిపిస్తుంది, రెండూ ఒకటే. ఈ టెట్రాపోనెరా ప్రజాతి మనకి కొత్తేమీ కాదు. దక్షిణ భారతంలో చెట్ల మీద నల్లటి తల, నల్లటి పొట్ట, మధ్యలో ఎర్రటి నడుముతో సన్నగా తిరిగే చీమని చూసే ఉంటారు. అది టెట్రాపోనెరా రుఫోనైగ్రా. చిన్నప్పుడు చెట్లెక్కిన వాళ్లకి దాని కుట్టు బాగా గుర్తుంటుంది. తేడా ఏమిటంటే మన చీమ ఎండిన కొమ్మ ఏది దొరికినా కాపురం పెట్టేస్తుంది. ఆఫ్రికా చీమ బార్టేరియాని వదిలి బతకదు. అందుకే ఇంటి కోసం చేసే పోరాటం కూడా వేరేగా ఉంటుంది.

ఈ కాపురం ఎలా మొదలవుతుందంటే, మొక్క మనిషెత్తు దగ్గరికి వచ్చి పక్క కొమ్మలు వెయ్యటం మొదలుపెట్టాక, కొత్తగా జతకట్టిన రాణి చీమ ఎగిరి వచ్చి లేత కొమ్మకి కన్నం కొరికి లోపలికి దూరుతుంది. బోలు చెట్టే తయారుచేసి పెడుతుంది, చీమ తలుపు మాత్రం తీసుకుంటుంది. ఒకే మొక్కలో వేరువేరు కొమ్మల్లోకి వేరువేరు రాణులు చేరటమూ ఉంది. చివరికి సాధారణంగా ఒకే కాలనీ చెట్టంతా ఆక్రమిస్తుంది. పెద్ద చెట్టులో ప్రతి బోలు కొమ్మా ఆ ఒక్క కుటుంబానిదే. అందుకే ఒక కొమ్మని తాకితే ఇంకో పక్క నుంచి కూడా దిగి వస్తాయి.

వాటి తిండి కూడా అదే ఇంట్లో. బోలు కొమ్మల లోపల పొలుసు పురుగులుంటాయి, మన మామిడికీ నిమ్మకీ పట్టే రకాలకి చుట్టాలు. అవి చెట్టు రసం పీల్చి తియ్యటి జిగట ద్రవం విసర్జిస్తే చీమలు దాన్ని తాగుతాయి. ఆకుల అంచుల్లో తేనె గ్రంథులు కూడా ఉన్నాయి. అంటే పొలుసు పురుగుల రూపంలో చెట్టు కొంత రసం నష్టపోతుంది, అది కాపలా జీతం అనుకోవచ్చు. కొమ్మల లోపలి గోడ మీద నల్లటి మచ్చల్లా బూజు కూడా పెరుగుతుంది. చాలాకాలం దాన్ని మురికి అనుకుని పట్టించుకోలేదు. తర్వాత డీఎన్ఏ పరీక్షల్లో తేలింది ఏమిటంటే, అది ఏదో గాలికి వచ్చి పడిన బూజు కాదు, ఈ చీమల ఇళ్లలోనే ఉండే ప్రత్యేక శిలీంద్రాలు, కీటోథైరియేలిస్ అనే వర్గానివి. కామెరూన్ తీరంలోని ఇంకో చీమల చెట్టులో చీమలు ఈ రకం బూజుని ఎరువేసి పెంచి తింటాయని కూడా చూపించారు. కొమ్మలో చిన్న సేద్యమే జరుగుతోందన్నమాట.

ఇక అసలు సంగతి, చీమలు చెట్టుకి ఏం చేస్తున్నాయి? చాలామంది "పురుగుల నుంచి కాపాడతాయి" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. పురుగుల్నీ తరుముతాయి, కాదనను. కానీ పురుగుని తరమటానికి అంత పెద్ద చీమ, అంత విషం అక్కర్లేదు. నా లెక్కలో ఈ చెట్టుకి అసలు శత్రువులు ఇద్దరే, ఒకటి తీగ, రెండోది ఆకు మేసే పెద్ద జంతువు. ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త డేనియల్ జాన్జెన్ 1972లో నైజీరియా అడవిలో చేసిన అధ్యయనంలోనే ఈ వాదన ఉంది. అంతకుముందు 1966లో మెక్సికోలో తుమ్మ జాతి చెట్టుకీ చీమలకీ ఉన్న సంబంధాన్ని ప్రయోగాలతో నిరూపించింది ఆయనే. నైజీరియాలో చీమలున్న బార్టేరియాలనీ లేనివాటినీ పోల్చి చూశాడు. చీమలున్నవి ఆకులు నిండుగా ఉన్నాయి, లేనివాటిని తీగలు కమ్మేశాయి, ఆకులు తినేసి ఉన్నాయి. శ్రామిక చీమలు చెట్టు మీద పడ్డ చెత్త తోసేస్తాయి, తగిలిన తీగ చివర కొరికేస్తాయి, మొదట్లో మొలిచిన మొక్కల్ని చంపుతాయి. ఇందాక చెప్పిన శుభ్రమైన నేల రహస్యం ఇదే.

పెద్ద జంతువు సంగతికి ఒక చక్కటి సాక్ష్యం 1974లో వచ్చింది. డోయిల్ మెక్కీ అనే పరిశోధకుడు కామెరూన్ తీరంలో నల్ల కొలొబస్ కోతుల వెంట తిరుగుతున్నాడు. అక్కడి ఇసుక నేలల్లో చాలా చెట్ల ఆకులు వగరు రసాయనాలతో నిండి ఉంటాయి, అందుకే ఆ కోతులు ఆకుల కంటే గింజలే ఎక్కువ తింటాయి. తినదగ్గ ఆకు వాటికి దొరకటమే కష్టం. అలాంటి కోతులు చీమలున్న బార్టేరియాల జోలికి పోకుండా, చీమలు లేని ఒక్క చెట్టుని ఎంచుకుని దాని ఆకులు తిన్నాయి. ఆ ఆకు కోతికి పనికొచ్చేదేనని, కాపలా లేకపోతే మిగలదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? నాకు ఈ విషయంలో వచ్చిన పత్రాలన్నిట్లోకీ ఇదే ఇష్టం, ఏ పరికరమూ లేకుండా కోతే ప్రయోగం చేసి పెట్టింది.

కాబట్టి మీ ప్రశ్నకి జవాబు, చీమల్ని చంపేస్తే చెట్టు అదే రోజు చావదు. తీగలు ఎక్కుతాయి, కోతులు మేస్తాయి, నీడలో వెలుగు కోసం పోటీ పడుతున్న చిన్న చెట్టు మెల్లగా వెనకబడుతుంది. కొత్త రాణి వచ్చి కాపురం పెడితే మళ్లీ కోలుకునే అవకాశం ఉంది.

ఈ ప్రజాతిలో నాలుగు జాతులున్నాయని 1999లో చేసిన సమీక్ష చెబుతుంది. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే భలే ఉంటుంది. బార్టేరియా సొలిడా కొమ్మలు బోలు కావు, చీమలకి ఇల్లే లేదు. సముద్ర తీరం దగ్గర పెరిగే బార్టేరియా నైగ్రిటానాలో కొమ్మ మొదట్లో మాత్రమే చిన్న గది ఉంటుంది, అందులో దొరికిన చీమ దొరికినట్టు రకరకాలవి చేరతాయి, వాటి కాపలా కూడా అంతంత మాత్రమే. బార్టేరియా డివెవ్రీ ఇంకొకటి. మన ఫిస్టులోసాలో మాత్రం కొమ్మ కొమ్మంతా ఇల్లే. మీరు తీరం దగ్గర పనిచేస్తే నైగ్రిటానా కనిపించవచ్చు, దాన్ని చూసి "ఇదేనా అంత భయపెట్టింది" అనుకుని లోపలి అడవిలో ఫిస్టులోసా దగ్గర ధైర్యం చెయ్యకండి.

ఇలాగే పెద్ద చెట్ల నీడలో, అడవి కింది అంతస్తులో పెరిగే చీమల చెట్టు ఇంకొకటి కామెరూన్ తీరంలో ఉంది, లియోనార్డాక్సా ఆఫ్రికానా, చిక్కుడు కుటుంబం. ఇందాక బూజు సేద్యం చెప్పింది దీని గురించే. దాని చీమ పెటాలోమిర్మెక్స్ మన ఇంట్లో తిరిగే చిన్న చీమంత ఉంటుంది, మనిషికి ఏమీ కాదు. లేత ఆకుల మీద తిరుగుతూ పురుగుల్ని తరుముతుంది. శత్రువు పురుగైతే చిన్న చీమ చాలు, శత్రువు కోతైతే గట్టి కుట్టు కావాలి అని నేను అంటున్నది ఈ రెండు చెట్లనీ కలిపి చూసే. లియోనార్డాక్సాలో ఒక దొంగ చీమ కూడా ఉంది, కటాలకస్ మెక్కీయి. ఇల్లు వాడుకుంటుంది, తేనె తాగుతుంది, కాపలా మాత్రం కాయదు. ఇందాకటి కోతుల పరిశోధకుడి పేరే దానికి పెట్టారు.

ఇక కుట్టు. సినిమా కథలా పెంచి చెప్పను, నొప్పి గట్టిదే. కందిరీగ కుట్టులా చురుక్కుమని తగ్గిపోయే రకం కాదు, లోతుగా సలుపుతుంది. చాలామందికి గంటల తరబడి, కొందరికి ఒకటి రెండు రోజులు ఉంటుంది. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి రెండు మూడు కుట్లతో చచ్చిపోడు, మీ మిత్రుడు కొంచెం మసాలా వేశాడు. ఇబ్బంది ఏమిటంటే ఒకటి రెండుతో ఆగవు. కాండం కదిలితే లోపలున్నవి కన్నాల్లోంచి బయటికి పరిగెత్తుకొస్తాయి, కొమ్మల మీది నుంచి కింద ఉన్నవాళ్ల మీదికి రాలి పడతాయి కూడా. మెడలోకి, చొక్కాలోకి దూరాక ఎన్ని కుట్టాయో లెక్కపెట్టలేరు.

తప్పు చేసినవాళ్లని, ముఖ్యంగా వ్యభిచారం చేశారన్న వాళ్లని పూర్వం ఈ చెట్టుకి కట్టేసేవారని మధ్య ఆఫ్రికాలో చాలా చోట్ల చెబుతారు, రాతల్లోనూ ఉంది. మీ టీమ్‌లో ఎవరో ఒకరు మొదటి రోజే ఈ కథ చెబుతారు, నవ్వుతూనే చెబుతారు. వినండి గానీ, ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర మీరుగా ఆ ప్రస్తావన తేవద్దు. ఆ శిక్షలో ఎక్కువగా ఆడవాళ్లే బలైన కథలవి, కొందరికి అది వాళ్ల ఇంటి సంగతి.

కుడితే ముందు అక్కడి నుంచి పదిపదిహేను అడుగులు దూరం జరగండి, అక్కడే నిలబడి దులుపుకోవద్దు. చొక్కా విప్పి దులపండి, సిగ్గు పడే సమయం కాదు. తేనెటీగలా ముల్లు విరిగి ఉండిపోవటం సాధారణంగా ఉండదు, కాబట్టి గిల్లి వెతకనక్కర్లేదు. సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి, క్యాంపు డబ్బాలో ఉండే ఎలర్జీ మాత్ర, నొప్పి మాత్ర వాడొచ్చు. గోకితే పుండవుతుంది, ఆ తడి వాతావరణంలో పుండు మానటం కుట్టు కంటే పెద్ద తలనొప్పి. ముఖం, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నా అది మామూలు కుట్టు కాదు, ఎలర్జీ షాక్. ఎడ్రినలిన్ ఇంజెక్షన్, ఆసుపత్రి, ఆలస్యం లేకుండా. మీకు ఇంతకుముందు కందిరీగకో చీమకో అలా అయ్యి ఉంటే వెళ్లేముందే డాక్టర్‌ని కలిసి ఎడ్రినలిన్ పెన్ను (మీరే పొడుచుకోగల ఇంజెక్షన్) రాయించుకోండి, మీ టీమ్ లీడర్‌కీ చెప్పండి. క్యాంపు నుంచి ఆసుపత్రికి ఎన్ని గంటల దారో మొదటి రోజే కనుక్కోవటం చీమల కోసమే కాదు, అన్నిటికీ పనికొస్తుంది. నిజం చెప్పాలంటే ఆ అడవిలో పైనుంచి రాలే ఎండుకొమ్మ, ఎదురుపడే ఏనుగు ఈ చీమల కంటే ఎక్కువ ప్రమాదం.

విత్తనం తెచ్చి నాటుకునే ఆలోచన మానుకోండి. మన దేశంలోకి మొక్కలూ విత్తనాలూ తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందస్తు అనుమతి, అక్కడి నుంచి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, సూట్‌కేసులో వేసుకొచ్చే వ్యవహారం కాదు. పోనీ తెచ్చారనుకున్నా ఆ చీమ ఇక్కడ లేదు, ఉండకూడదు కూడా. ఖాళీ కొమ్మలతో చెట్టొక్కటే మిగులుతుంది. ఇలాంటి చెట్టు చూడాలన్న ఆసక్తే అయితే పడమటి కనుమలకి వెళ్లండి. కొడగు వైపు తడి అడవుల్లో హంబోల్టియా బ్రునోనిస్ అనే చిన్న చెట్టు ఉంది, అదీ కింది అంతస్తు చెట్టే. దాని కొమ్మల్లో కొన్ని కణుపుల మధ్య భాగాలు ఉబ్బి బోలుగా ఉంటాయి, కన్నం దానంతటదే తెరుచుకుంటుంది, రాణి చీమ కొరకనక్కర్లేదు. రకరకాల చీమలూ ఇతర జీవులూ అందులో ఉంటాయి.

చివరిగా మీ పని గురించి, ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఇన్వెంటరీలో ముందు కత్తి పట్టినవాళ్లు సరళరేఖలో దారి కొట్టుకుంటూ పోతారు, దాన్ని లెయాఁ అంటారు. ఆ రేఖ సరిగ్గా బార్టేరియా మీదికే పోతే స్థానిక కత్తివాళ్లు తమంతట తాము పక్కకి తిప్పుతారు. దిక్సూచి పట్టుకున్న కొత్త ఇంజనీర్లు "రేఖ తప్పింది" అని వాళ్లతో గొడవ పడుతుంటారు. మీరు ఆ గొడవ పెట్టుకోకండి, పక్కకి తిరిగి మళ్లీ రేఖ మీదికి రావటానికి పద్ధతి ఉంటుంది, వాళ్లని అడిగితే చూపిస్తారు. అసలు చిక్కు కొలత దగ్గర. ఛాతీ ఎత్తులో, అంటే 1.30 మీటర్ల దగ్గర, టేపుని కాండం చుట్టూ తిప్పాలి. అంటే చెట్టుని కౌగిలించుకోవాలి. ఈ చెట్టుకి కలప విలువ లేదు, పెద్ద చెట్లు మాత్రమే కొలిచే ప్లాట్లలో ఇది చాలాసార్లు కొలవాల్సిన కనీస లావు హద్దు దాటదు కూడా. చిన్న చెట్లని కూడా కొలిచే ప్లాటులో వస్తే దూరంగా నిలబడి, పక్కన కొలిచిన చెట్టుతో పోల్చి వ్యాసం అంచనా వేసి, రిమార్కుల్లో "అంచనా, చీమలు" అని రాయండి. ఆ మాట చూసిన ఏ సూపర్‌వైజరూ మళ్లీ వెళ్లి కొలవమనడు.